మూడు షిఫ్టుల చిలుక

14వ వారం, సోమవారం

సర్పంచ్ మళ్ళీ వాపసు వచ్చాడు.

డ్యూటీకి వచ్చి పక్షిశాల తలుపు తీసేసరికి గడప ముందు పంజరం ఉంది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డకు చీటీ గుచ్చి పోయారు. "క్షమించండి, మాతో కావడం లేదు" అని రాశారు. మొహం చూపించే ధైర్యం కూడా లేదు మహానుభావులకు. గుడ్డ తీసి చూశాను. వాడు ఆఫ్రికా జాతి బూడిదరంగు చిలుక, తోక మాత్రం ఎరుపు. ఇప్పుడు మెడ నుంచి పొట్ట దాకా ఒక్క ఈక లేదు. అన్నీ వాడే పీక్కున్నాడు. కూరకు తయారుచేసిన కోడిలా ఉన్నాడు. తూకం వేస్తే 391 గ్రాములు. పోయినేడు ఇచ్చి పంపినప్పుడు 450.

గుడ్డులోంచి వచ్చిన ఏడాదికే వీడు వచ్చేపోయే వాళ్ళందరినీ తల వంచి పరీక్షగా చూసి, పంచాయితీ తెంపినట్టు "సరే సరే" అనేవాడు. అందుకే సర్పంచ్ అని పేరు పెట్టాను. ఇవాళ నన్ను చూసి ఒక్క మాట అనలేదు.

వీడు వాపసు రావడం ఇది రెండోసారి. నిబంధన ప్రకారం ఇంకొక్కసారి ఇవ్వొచ్చు. మూడోసారి కూడా తిరిగొస్తే మందిచ్చి నిద్రపుచ్చాలి. 360 గ్రాముల కిందికి దిగినా అంతే. ఈ నిబంధన రాసింది ఎవరో కాదు, నేనే. ఎనిమిదేళ్ళ కింద ఒకావిడ తన కొత్త పరదాలకు రంగు కలవలేదని చిలుకను తిప్పి పంపింది. ఒళ్ళు మండి రాశాను. తిప్పి పంపితే పక్షి చస్తుందని తెలిస్తే మనుషులకు బుద్ధొస్తుందనుకున్నాను. బుద్ధి ఏమీ రాలేదు, చావు మాత్రం పుస్తకంలో ఉండిపోయింది.

ఆ చిరాకులోనే దరఖాస్తులు చూశాను. నాలుగో లెవెల్ నుంచి ఒక జంట వచ్చింది. మకావ్ అనే పెద్ద చిలుక కావాలట, అదీ నీలం, పసుపు రంగులది. ఎందుకమ్మా అంటే చూడ్డానికి గొప్పగా ఉంటుందన్నారు. మీ గోడకు ఆనుకుని ఎన్ని ఇళ్ళున్నాయి అన్నాను. ఎనిమిది. అది పొద్దునా సాయంత్రం అరిస్తే ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మీ తలుపు ముందుకొస్తారు, సరేనా అన్నాను. అది అరవై ఏళ్ళు బతుకుతుంది, మీ తరువాత ఎవరు సాకుతారు అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక జత చిన్న పిట్టలు, ఫించ్‌లు ఇచ్చి పంపాను. చేతిలోకి రావు, ముద్దు చేయనివ్వవు, వాటి మానాన అవి కిచకిచలాడుతుంటే చూసుకుంటూ టీ తాగొచ్చు. వాళ్ళ బతుక్కి అదే సరిపోతుంది.

తరువాత వచ్చినాయన తెల్ల కొకటూ చిలుక అడిగాడు. అడుగుతున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. కొకటూ ఒంటి నిండా పొడి రాలుస్తుంది నాయనా, మన గాలి గొట్టాలకు అదొక్కటే తక్కువ అని బతిమాలి, పాడే మగ కెనరీ పిట్టనొకదాన్ని అంటగట్టాను.

15వ వారం, మంగళవారం

సర్పంచ్ 386.

ఇవాళ ఓదెలు అనే మనిషి వచ్చాడు. యాభై నాలుగేళ్ళుంటాయి. ఫ్యాన్‌హౌస్‌లో పని. అంటే ఊరంతటికీ గాలి తోడే ఆ పెద్ద ఫ్యాను పక్కన ఎనిమిది గంటలు కూర్చుని, దాని చప్పుడు మారితే చెప్పాలి. అక్కడ ఒకరి మాట ఒకరికి వినిపించదు. చెవుల్లో దూదింకా తీయకుండానే లోపలికి వచ్చాడు.

"చిలుక గావాలె మేడం. మాట్లాడేది."

దరఖాస్తు కాగితం ఇచ్చాను. ఇంట్లో ఎంతసేపు ఉంటారు అన్నచోట జనం సాధారణంగా "ఎప్పుడూ" అని అబద్ధం రాస్తారు. ఈయన "ఎనిమిది గంటలు, అందుల ఆరు నిద్ర" అని రాశాడు. రోజుకు ఎంతమందితో మాట్లాడతారు అన్నచోట సున్నా పెట్టాడు. సొంత గది ఉందా అన్నచోట "మూడో వంతు" అని రాశాడు.

నేను కాగితం మడిచి ఇచ్చేశాను. పెళ్ళాంపిల్లలు లేని వాళ్ళకు నేల కిందున్న మా ఊళ్ళో, ఈ ఆరో బాయిలో, సొంత గది లేదు. ఒక గది, ఒక మంచం, ముగ్గురు మనుషులు. ఒకరు పనికి పోతే ఇంకొకరు బజారు, భోజనశాల, స్నానాల దగ్గర తిరుగుతారు, మూడోవారు మంచం మీద ఉంటారు. మధ్యలో అరగంట గది ఖాళీ చేసి గాలి మారుస్తారు. కాబట్టి ఆ ముగ్గురూ ఎప్పటికీ ఎదురుపడరు. ఎదురుపడకూడదు కూడా. మొదట్లో దుప్పటి ఎవరు మాపారు, సబ్బు ఎవరు అరగదీశారు అని కొట్టుకు చచ్చేవారట. అప్పుడు పెద్దలు ఒక మర్యాద పెట్టారు: మంచం పంచుకున్న వాళ్ళ పేరు అడగొద్దు, ముఖం వెతకొద్దు, చీటీలు పెట్టొద్దు. ఎవరి ఎనిమిది గంటలు వాళ్ళ సొంత ఇల్లు. అలాంటి గదికి చిలుకను ఇవ్వకూడదని కూడా నిబంధన ఉంది. యజమాని ఒక్కరే ఉండాలి, ఇల్లు ఆ ఒక్కరిదే అయి ఉండాలి. అది కూడా నేను రాసిందే. రాయడానికి నాకు తీరిక బాగానే దొరికినట్టుంది.

"కాదయ్యా, కుదరదు" అన్నాను.

"పదకొండేండ్ల సంది ఆ మంచం మీద పంటున్న మేడం. ఇంకిద్దరు ఎవలో ఇప్పటికి ఎరుకలేదు. ఒకాయన తలకు ఆవాల నూనె రాసుకుంటడు, దిండు వాసనొస్తది. ఇంకొకాయన దుప్పటి మస్తు మంచిగ మడతవెడ్తడు. గంతే తెలుసు. ఒక మాట ఇనాలనిపిస్తది గద మనిషికి?"

కసిరి పంపేశాను. అబద్ధం చెప్పని మనిషిని తిప్పి పంపడం ఏమిటోనని రోజంతా నా మీద నాకే కోపంగా ఉంది.

16వ వారం, సోమవారం

సర్పంచ్ 377. వారంలో తొమ్మిది గ్రాములు పోయాయి. ఇంకో రెండు వారాలు ఇలాగే పోతే సూది నేనే పొడవాలి.

ఇవాళ షిఫ్టు మారిన రోజు. పోయిన వారం మొదటి షిఫ్టు, ఈ వారం రెండో షిఫ్టు. ఎవరికీ అన్యాయం జరక్కుండా ఊరంతా వారానికోసారి మారుతుంది. లేకపోతే కొందరికి ఎప్పటికీ బజారే దక్కదు. షిఫ్టు మారిన ప్రతి సోమవారం నాకు తల పగిలిపోతుంది, అన్నం సయించదు, ఎదురుపడ్డ వాళ్ళనల్లా తిడతాను. ఇవాళ కూడా తల పట్టుకుని కూర్చుని, ఏమీ తోచక సర్పంచ్ పాత తూకాల పుస్తకం తిరగేశాను. మొదటి ఇంట్లో ఉన్న ఏడాదివి, రెండో ఇంట్లో ఉన్న ఏడాదివి, ఇంటివాళ్ళు రోజూ తూచి రాసినవి అన్నీ ఉన్నాయి.

మంగళ, బుధవారాల్లో దిగింది. శుక్ర, శనివారాలకు కాస్త పెరిగింది. మళ్ళీ సోమవారం రాగానే పడింది. ప్రతి వారం ఇంతే.

నేను లేచి నిలబడ్డాను. వాడికి కూడా సోమవారం తలనొప్పే!

చిలుకకు పది గంటల చీకటి కావాలి. అది మాకు తెలుసు, పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. ఇంటివాళ్ళు పడుకునేటప్పుడు పంజరానికి గుడ్డ కప్పమని చెబుతాం, వాళ్ళు కప్పుతారు. వాళ్ళ నిద్ర వారానికోసారి ఎనిమిది గంటలు జరిగితే వీడి రాత్రి కూడా వాళ్ళతోపాటే జరుగుతుంది. పైగా ఆ ఇంట్లో అందరిదీ ఒకే షిఫ్టు కాబట్టి అందరూ ఒకేసారి పోతారు, ఒకేసారి వస్తారు. వీడు ఎప్పుడు తెల్లారుతుందో తెలియక, ఎవరూ లేని ఇంట్లో కూర్చుని ఈకలు పీక్కున్నాడు. పక్షిశాలలో కూడా నా షిఫ్టుతోపాటే లైట్లు ఆరతాయి, నేను పోతే మనిషి ఉండడు. ఫించ్‌లు, కెనరీలు రెండు రోజుల్లో సర్దుకుంటాయి. వీడికి బుర్ర ఎక్కువ, సర్దుకోలేకపోయాడు.

పైన ఎండల్లో మనుషులు బతికిన కాలంలో ఈ తప్పు ఎవరూ చేసి ఉండరు. సూర్యుడికి షిఫ్టు మారదు కదా. మా తాతకు పైన పెంపుడు పక్షుల దుకాణం ఉండేది. జనం ఈ బొగ్గుబాయిలోకి దిగినప్పుడు తన పంజరాలన్నీ మోసుకుని దిగాడు. కాకులూ పిచ్చుకలూ అమ్మిన అలవాటు ఆయనకు లేదు కాబట్టి ఇవాళ మా దగ్గర మకావ్‌లున్నాయి, ఆఫ్రికా చిలుకలున్నాయి, కాకి మాత్రం లేదు. బడిపిల్లలు కాకి అంటే ఎవరో కల్పించిందే అనుకుంటారు. తాత రాసిపెట్టిన పుస్తకంలో గింజల సంగతి ఉంది, రోగాల సంగతి ఉంది, రాత్రిని కదిలించొద్దు అన్న ముక్క మాత్రం లేదు. ఆయనకు ఆ అవసరమే రాలేదు.

ముప్ఫై ఏళ్ళుగా పక్షి ఏ మనిషికి నప్పుతుందా అని చూశాను. మా ఊరి గడియారం పక్షికి నప్పుతుందా అని ఒక్కరోజు కూడా చూడలేదు. సిగ్గేసింది.

16వ వారం, మంగళవారం

రాత్రంతా ఆలోచిస్తే ఒకటే తేలింది. ఇరవై నాలుగు గంటల్లో ఎవరో ఒకరు తప్పకుండా ఉండే ఇల్లు ఆరో బాయిలో ఒకే రకం ఉంది. అది మంచం పంచుకున్న వాళ్ళ గది. ఏ గదికి ఇవ్వొద్దని నేను రాశానో, ఆ గదే.

కాకపోతే ఓదెలు గదిలోని ముగ్గురి షిఫ్టులూ మారకుండా ఆగిపోవాలి. షిఫ్టు ఆఫీసర్ జోజిరెడ్డి దగ్గరికి పోయాను.

"చిలుక కోసం ముగ్గురి షిఫ్టులు ఆపమంటవా భూలక్ష్మమ్మా? రేపు ఇంకొకరు కుక్క కోసం అడుగుతరు."

"కుక్క మన బాయిల లేదు గద సార్, ఆ భయం వద్దు. సోమవారం సోమవారం మీకు తల నొయ్యదా?"

ఆయన కణతలు నొక్కుకుంటూనే "నొస్తది" అన్నాడు.

"ఈ చిలుకకు గదే రోగం. మీకు మాత్రలున్నయ్, దానికి లేవు. ఇంకో వారం ఆగితె చస్తది."

ఆయన కాసేపు కాగితాలు అటూ ఇటూ జరిపి, మూడు నెలలకు సంతకం పెట్టాడు. ఆ ముగ్గురూ ఒప్పుకుంటేనే, ఒక్కరు వద్దన్నా రద్దు అన్నాడు.

16వ వారం, బుధవారం

ఓదెలు వాళ్ళది రెండో లెవెల్, 88వ గది. ముగ్గురి దగ్గరికీ ఒకే రోజు మూడుసార్లు పోయాను, ఒక్కొక్కరి సమయానికి ఒక్కోసారి. పంజరం మోసుకునే పోయాను. మాటల్లో చెబితే ఎవరూ ఒప్పుకోరని తెలుసు, చూస్తే ఒప్పుకుంటారని ఆశ.

పొద్దున ఉన్నది సారంగపాణి. బడిలో లెక్కలు చెబుతాడు. దుప్పటి మడతల మనిషి ఈయనే. చిలుక సంగతి వినగానే, "నేనెప్పుడు పండాలె మేడం? ఇది లొల్లి జేస్తది" అన్నాడు. లైట్లు వెలుగుతుంటేనే కళ్ళకు గుడ్డ కట్టుకుని పడుకోవడం మనకందరికీ అలవాటే కదా, చెవుల్లో కాస్త దూది పెట్టుకోండి, అదీ మధ్యాహ్నం కునుకు తీస్తుంది అన్నాను. ఆయన పంజరం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఎక్కాలు నేర్పితే నేర్చుకుంటదా?" అన్నాడు. సగం ఒప్పుకున్నట్టే.

మధ్యాహ్నం ఉన్నది యాకూబ్. భోజనశాలలో వంట చేస్తాడు. ఆవాల నూనె ఈయనదే. సర్పంచ్ పొట్ట చూడగానే ఆయన చేతులు రెండూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో అక్కా, చలి వెడ్తలేదా దీనికి? ఎవరు జేసిండ్రు గిట్ల?"

"వాడే పీక్కున్నడు. ఒంటరిగున్నడు."

"ఇక్కడ పెట్టి పో అక్కా. మిరపకాయ తింటడా?"

"మస్తు తింటడు."

"అయితే మావోడే."

ఇక అసలు చిక్కు మిగిలింది. సర్పంచ్‌కు రాత్రి పదింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా చీకటి కావాలి. పొద్దున ఆరింటికి గదికి వచ్చేవాళ్ళు ఎనిమిదింటికి గుడ్డ తీస్తారు, మధ్యాహ్నం రెండింటికి వచ్చేవాళ్ళు రాత్రి పది దాకా వాడితో ఉంటారు. రాత్రి పదింటికి వచ్చి ఆరింటికి పోయే మూడో మనిషికి మాత్రం గుడ్డ కప్పిన పంజరమే దక్కుతుంది. వాడు ఎగరడం చూడలేరు, వాడితో మాట్లాడలేరు, దీపం కూడా వేసుకోకూడదు. ఆ చీకటి వంతు ఎవరు తీసుకుంటారని పొద్దున సారంగపాణిని అడిగాను. ఆయన దుప్పటి మడతలు సరిచేయసాగాడు. మధ్యాహ్నం యాకూబ్‌ను అడిగాను. "చీట్లు వెయ్యి అక్కా, ఎవరికొస్తే వాళ్ళకు" అన్నాడు.

రాత్రి పదింటికి ఓదెలు వచ్చాడు. నేను చీట్లు రాసి పట్టుకుని ఉన్నాను. సంగతంతా చెప్పాను.

"చీట్లెందుకు మేడం, ఆ వంతు నేనే తీసుకుంట."

నాకు కోపం ఆగలేదు. "నీకేమన్న తెలివుందా? చిలుక గావాలన్నది నువ్వు. మాటినాలె అన్నది నువ్వు. వాళ్ళిద్దరు అడగను గూడ అడగలే. వాళ్ళకు మాటలు, నీకు చీకటి. గిదేం లెక్క?"

"వాళ్ళు చీట్లల్ల ఓడిపోయి తీసుకుంటె మనసు పెట్టరు మేడం. ఎప్పుడో ఒకనాడు గుడ్డ లేపి చూస్తరు. నేను లేపను." పంజరం వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాతోని మాట్లాడకున్న మానె. అది బతకాలె గద."

గది బయటికొచ్చి గొట్టాల చాటున నిలబడి ఏడ్చాను. యాభై ఏడేళ్ళ మనిషిని, ఎవరైనా చూస్తే పరువు పోయేదే.

17వ వారం, గురువారం

366.

వాళ్ళ చేతికిచ్చాక ఇంకా తగ్గాడు. షిఫ్టులు ఆగాయి, చీకటి కుదిరింది, ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉన్నాడు. అయినా గింజలు ముట్టడం లేదు, మూలకు తిరిగి కూర్చుంటున్నాడు. నా లెక్క తప్పిందేమో. పక్షిశాలలో మందు సీసా ఉన్న అలమర వైపు చూడకుండా పని చేసుకుంటున్నాను.

17వ వారం, శనివారం

363. ఇంకో మూడు గ్రాములు.

వెనక్కి తెచ్చేసుకుందామని రాత్రి పదింటికి 88వ గదికి పోయాను. ఓదెలు తలుపు దగ్గరే అడ్డంగా నిలబడ్డాడు. లోపల చీకటి.

"తీసుకపోతే ఏమైతది మేడం?"

"నా కండ్ల ముందుంటడు."

"తీసుకపోతే అది మూడో వాపసు గాదా? మీ బుక్కుల ఏం రాసుంది?"

నా నిబంధన నాకే అప్పజెప్పాడు.

"ఫ్యాను బంద్ జేసి మళ్ళ చాలు జేస్తె, వెంటనే మంచి గాలి రాదు మేడం. గొట్టాలల్ల ఉన్న పాత గాలి ముందు రావాలె. దానికి జర టైం పడ్తది. నాలుగు రోజులు ఆగుండ్రి."

"మెల్లగ మాట్లాడు, లేస్తడు" అన్నాను. ఉత్త చేతులతో వెనక్కి వచ్చేశాను.

18వ వారం, బుధవారం

364.

ఒక్క గ్రాము. త్రాసు చెడిపోయిందేమోనని మూడుసార్లు తూచాను. చెడిపోలేదు.

19వ వారం, సోమవారం

షిఫ్టు మారిన రోజు. ఊరంతా తల పట్టుకుంది, నేను కూడా. సర్పంచ్ మాత్రం 372! సోమవారం నాడు పెరిగాడు! యాకూబ్ చేతిలోంచి పచ్చిమిరపకాయ లాక్కుని, గింజలు తిని తొక్క ఆయన మొహాన విసిరాడట. యాకూబ్ ఆ సంగతి చెబుతుంటే బిడ్డకు మొదటి పన్ను వచ్చినంత సంబరం.

22వ వారం, శుక్రవారం

402. పొట్ట మీద ముళ్ళలాగా కొత్త ఈకలు పొడుస్తున్నాయి. పీక్కోవడం మానేశాడు. సారంగపాణి రెండో ఎక్కం మొదలుపెట్టాడు. వాడు "రెండు మూళ్ళు" అని అడిగి, తనే "సరే సరే" అనుకుంటాడు తప్ప ఆరు అని మాత్రం చెప్పడు.

ఇవాళ నిబంధనల పుస్తకం తీసి నిద్రపుచ్చే నిబంధన మీద అడ్డగీత కొట్టాను. జోజిరెడ్డి సంతకం లేకుండా కొట్టకూడదు. కొట్టేశాను. ఆయన రేపు అడిగితే రేపు చూసుకుందాం. "యజమాని ఒక్కరే" అన్న ముక్కను కూడా కొట్టేశాను. మంచం పంచుకున్న వాళ్ళ నుంచి ఇప్పటికే నాలుగు దరఖాస్తులు వచ్చాయి.

ఓదెలును ఒకసారి భోజనశాలలో చూశాను. ఎలా ఉంది అంటే, "ఊపిరి ఇనవడ్తది మేడం. నిద్రల రెక్కలు దులుపుకుంటడు. బాగనే ఉన్నడు" అన్నాడు. ఆరు వారాలుగా ఈయన ఆ పక్షిని ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. నాకే మనసు ఆగక, పక్షిశాలకు తూకానికి తెచ్చినప్పుడు రమ్మన్నాను. అది తన డ్యూటీ సమయమన్నాడు.

26వ వారం, బుధవారం

మూడు నెలల గడువు దగ్గర పడుతోంది. ఆఖరి తనిఖీకి మధ్యాహ్నం ఒంటిగంటకు 88వ గదికి పోయాను. సారంగపాణి నిద్ర లేచి దుప్పటి మడుస్తున్నాడు. సర్పంచ్ పంజరం పైకెక్కి నన్ను తల వంచి చూసి "సరే సరే" అన్నాడు. పొట్ట నిండా మెత్తని బూడిదరంగు ఈకలు. 438 గ్రాములు. నేను కాగితం మీద ఆ అంకె రాస్తుంటే సారంగపాణి గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఒకటడుగుత. పేరు గాదు, మర్యాద నాకెరుకే. ఇది మీరొకసారి ఇనాలె."

ఆయన మంచం మీద ఒరిగి, కళ్ళకు గుడ్డ కట్టుకుని, కదలకుండా పడుకున్నాడు. సర్పంచ్ పంజరం దిగి మంచం వైపు కొయ్య మీదికి వచ్చాడు. ముందు టక్ మని చిన్న చప్పుడు చేశాడు. కాస్త ఆగి ఇంకో టక్. ఎవరో చప్పుడు కాకుండా బూట్లు ఒకటొకటిగా విప్పి కింద పెడుతున్నట్టుంది. తరువాత టిఫిన్ డబ్బా మూత మెల్లగా తీసిన చప్పుడు. తరువాత ముసలితనం మొదలైన ఒక మగగొంతు, కాస్త బొంగురుగా, బాగా తగ్గించి అన్నది:

"పండు బిడ్డా, పండు. నేనీడనే ఉన్న."

రాసే చెయ్యి ఆగిపోయింది.

సారంగపాణి గుడ్డ తీయకుండానే మాట్లాడాడు. "నెల నుంచి గిట్లనే అంటున్నడు మేడం. నేను ఒరిగితె సాలు, మొదలువెడ్తడు. మా అమ్మ పోయినంక నాకెవ్వరు గీ మాట అనలే. ఇది ఇన్నంక నాకు నిద్రవట్టని దినం లేదు. నాది గాదు ఈ గొంతు. పగటి రెండు గంటలకు వచ్చేటాయనదా, రాత్రి వచ్చేటాయనదా?"

"రాత్రి ఆయనది" అన్నాను. అది మర్యాద తప్పడమే. తప్పితే తప్పింది.

"ఆయనకు చెప్పుండ్రి, ఇంకొకడు గూడ ఇంటున్నడని."

రెండింటికి ఫ్యాన్‌హౌస్ దగ్గరికి పోయి, డ్యూటీ దిగేవాళ్ళ వరసలో ఓదెలును పట్టుకున్నాను. చెవుల్లో దూది తీసేదాకా ఆగి, ఉన్నదున్నట్టు చెప్పాను. బూట్ల చప్పుడు, డబ్బా మూత, ఆ మాట, మంచం మీద సారు, అన్నీ. ఆయన మొదట భయపడ్డాడు.

"మెల్లగనే అన్న మేడం, ఒట్టు. లేపలే. గొంతు దాటి రాకుండ అన్న."

"నిన్ను తప్పు వడ్తలేనయ్యా. నీ గొంతు వాడు నేర్చుకున్నడు. చూడకుండ, వెలుగు లేకుండ, ఉత్త చీకట్ల ఇని నేర్చుకున్నడు. వాళ్ళిద్దరి మాటలు పొద్దంత ఇన్నా, నిద్రపుచ్చేటందుకు మాత్రం నీ మాటే ఎంచుకున్నడు."

ఓదెలు గోడకు ఆనుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. వరసలో వెనకవాళ్ళు మమ్మల్ని దాటి పోతున్నారు. కాసేపటికి నవ్వాడు.

"మొన్న ఫోర్‌మన్‌ను తిట్టుకున్న మేడం దాని ముంగట. గది గూడ చెప్తదా సారుకు?"

"చెప్తె చెప్తది. సారు గూడ నేర్చుకుంటడు."

ఆయన చేతిలోని దూదిని ఉండలా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వాళ్ళిద్దరు నాకెరుకే మేడం" అన్నాడు. "పండుకునే ముందు సర్పంచ్ గుడ్డ కింద గొణుగుతడు గద. ఒకాయన ఎక్కాలు చెప్తడు. ఇంకొకాయన టకటక ఏందో కోసుకుంట పాటవాడతడు, మధ్యల దగ్గుతడు. రోజు ఇంటున్న. నేను వచ్చేసరికి ఇంట్ల ఇద్దరున్నట్టుంటది. వాళ్ళను నా దగ్గరికి తెస్తుండనుకున్న గని, నన్ను గూడ వాళ్ళ దగ్గరికి తీస్కపోతుండనుకోలే."